పత్తి దిగుమతి సుంకం: ఆదోని యార్డు నుంచి ఒక పరిశీలన

ఆదోని మార్కెట్ యార్డుకు పత్తికొండ, ఎమ్మిగనూరు ప్రాంతాల పత్తితోపాటు కర్ణాటకలోని సిరుగుప్ప, రాయచూరు వైపు పత్తి కూడా వస్తుంది. పొరుగు రాష్ట్రపు సరుకుపై వివక్షతో కూడిన పన్ను విధించడానికి రాజ్యాంగంలోని 301, 304 అధికరణాలు అంగీకరించవు. దేశ సరిహద్దు విషయంలో అటువంటి నిషేధం లేదు. అక్కడ సుంకం ఎంతవరకు సమర్థనీయమన్నదే ప్రశ్న.

2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం దిగుమతి దూదిపై 5 శాతం కస్టమ్స్ సుంకం, 5 శాతం వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు, ఈ రెంటిపై సర్‌చార్జి కలిపి మొత్తం 11 శాతం భారం విధించింది. 2022 ఏప్రిల్‌లో దానిని తాత్కాలికంగా ఎత్తివేసింది. అమెరికా భారతీయ సరుకులపై 50 శాతం సుంకం ప్రకటించిన తరువాత, 2025 ఆగస్టు 19 నుంచి మరల మినహాయించి, ఆ గడువును డిసెంబరు 31 వరకు పొడిగించింది. ఆదోనికి కొత్త పత్తి చేరే మాసాలు సరిగ్గా ఇవే. మినహాయింపు కంటె దానికి ఎంచుకొన్న కాలమే రైతుకు ఎక్కువ నష్టదాయకమని నా అభిప్రాయం.

అయితే మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘం గల ఎమ్మిగనూరులో నూలు ముడిసరుకు. దూది ధర పెరిగితే నేతగాని ఖర్చూ పెరుగుతుంది. ఒకే ప్రాంతంలో సుంకం ఒకరికి అండ, మరొకరికి భారం.

పొరుగు దేశమైన బంగ్లాదేశ్ విషయం దీనికి భిన్నం. దాని దుస్తులు 2011 నుంచి దాదాపు సుంకం లేకుండానే వస్తున్నవి. అదే దేశం మన దూదికి, నూలుకు ప్రధాన కొనుగోలుదారు. 2025 ఏప్రిల్‌లో అది భూమార్గాన భారతీయ నూలు దిగుమతిని ఆపింది. మే నెలలో భారత్ దాని దుస్తులకు భూమార్గపు రేవులను మూసివేసింది. మన పత్తిని కొనేవానిపై సుంకం వేయడమంటే, ఆ దెబ్బలో కొంత పత్తి రైతుకే తగలడం. కనుక ఆ సుంకాన్ని నేను సమర్థించలేను.

దూది సుంకం సంగతి వేరు. 2025–26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. మద్దతు ధర ఉన్నప్పుడు సుంకమెందుకని అడుగవచ్చు. కాని తేమ 12 శాతం మించితే భారత పత్తి సంస్థ కొనదు. అక్టోబరు వానలలో తడిసిన పత్తిని రైతు ప్రైవేటు వ్యాపారికే అమ్మాలి; అక్కడ ధరను నిర్ణయించే వాటిలో దిగుమతి దూది ధర కూడా ఒకటి.