ట్రాక్టరు వచ్చింది, డీజిలు ఖర్చు ఎక్కడిది?

కోరుట్ల నుంచి వేములవాడకు పోయే దారిలో ఉంటుంది రుద్రంగి. 2016 అక్టోబరు 11న రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినప్పుడు చందుర్తి నుంచి విడిపోయి మండల కేంద్రమైంది. తహసీల్దారు ఆఫీసు వచ్చింది, ఎంపీడీవో ఆఫీసు వచ్చింది. చుట్టుపక్కల తండాల వాళ్లు ఏ కాగితం కావాలన్నా ఇక్కడికే వస్తారు. పొద్దంతా బండ్లు, జనం, కొత్త దుకాణాలు. ఊరి అవసరాలు చిన్న పట్నం స్థాయికి పెరిగాయి. నడిపించేది మాత్రం గ్రామ పంచాయతీయే. అటు కోరుట్లకూ ఇటు సిరిసిల్లకూ ఉన్నట్టు దీనికి మున్సిపాలిటీ సిబ్బంది లేరు, బడ్జెటూ లేదు.

పంచాయతీ పని ఏమిటో తెలియాలంటే పొద్దున్నే నల్లా దగ్గర నిలబడితే చాలు. మిషన్ భగీరథ నీళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకు దాకా రావడం ప్రభుత్వం పని. అక్కడి నుంచి వాడవాడకూ పంచడం ఊరి పని. వాటర్‌మన్ ఒక వాల్వు తిప్పి ఈ వాడకు నీళ్లు వదులుతాడు, గంట తర్వాత దాన్ని కట్టేసి ఇంకో వాడకు వదులుతాడు. గుట్ట వైపు ఎత్తు మీదున్న ఇళ్లకు ధార సన్నగా వస్తుంది. పల్లంలో ఎవరో మోటరు పెడితే ఎత్తు మీది వాళ్ల బిందె నిండదు. మనిషికి రోజుకు 100 లీటర్లన్నది పథకం లెక్క. ఆ లెక్క నిజం కావాలంటే పగిలిన పైపు అతికించాలి, ట్యాంకు కడగాలి, వాల్వు మార్చాలి. వీటికి శంకుస్థాపనలు ఉండవు, ఫొటోలూ ఉండవు. ఖర్చు మాత్రం నెలనెలా ఉంటుంది.

తెలంగాణ పంచాయతీ రాజ్ చట్టం 2018లో వచ్చింది. 4,383 కొత్త పంచాయతీలు ఏర్పడి, రాష్ట్రంలో మొత్తం పన్నెండున్నర వేలు దాటింది. తండాలు, గూడేలు సొంత సర్పంచులను ఎన్నుకున్నాయి. పక్క ఊరి పంచాయతీ కింద ఒక వార్డుగా మిగిలిపోయిన తండాకు ఇది చిన్న విషయం కాదు. చట్టం నెలకోసారి పంచాయతీ సమావేశం, రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలంది. పారిశుధ్యం, వీధి దీపాలు, మొక్కల పెంపకం, పనులు–సంతలు అని నాలుగు స్థాయీ సంఘాలు వేయాలంది. చెక్కు మీద సర్పంచు, ఉపసర్పంచు ఇద్దరూ సంతకం పెట్టాలంది. బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి తీయాలంది.

2019 సెప్టెంబరు 6న ముప్పై రోజుల ప్రణాళికతో పల్లె ప్రగతి మొదలైంది. ఆ తర్వాత ఊరూరికీ నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం, పల్లె ప్రకృతి వనం వచ్చాయి. ప్రతి పంచాయతీ ట్రాలీ, ట్యాంకరుతో సహా ఒక ట్రాక్టరు కొన్నది. ఊళ్లు శుభ్రపడిన మాట నిజం. దోమలు, మురుగు మధ్య పెరిగిన తరానికి పొద్దున్నే ఇంటి ముందుకు చెత్త బండి రావడం నిజంగా పెద్ద మార్పు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. ట్రాక్టరు చాలాచోట్ల బ్యాంకు అప్పు మీద వచ్చింది. ఐదు వేల మంది ఉన్న ఊరికీ, ఐదు వందల మంది ఉన్న తండాకూ ట్రాక్టరు ఒక్కటే, కిస్తీ ఒక్కటే. గ్రాంటు మాత్రం జనాభాను బట్టి వస్తుంది. కిస్తీ కట్టి, డీజిలు పోసి, కరెంటు బిల్లు తీసేస్తే చిన్న పంచాయతీ ఖాతాలో మిగిలేది ఎంత? బండి నడిపే మల్టీపర్పస్ వర్కరే మోరీ తీయాలి, స్తంభం ఎక్కి లైటు వేయాలి, మొక్కలకు నీళ్లు పోయాలి. కట్టడానికి ప్రణాళిక ఉంది, నడపడానికి లేదు. పల్లెల్లో సేవలు కుంటుపడడానికి అసలు కారణం ఇదే.

2019లో గెలిచిన పాలకవర్గాల గడువు 2024 జనవరి ఆఖరుతో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో, మూడు విడతలుగా. మధ్యలో రెండేళ్లకు దగ్గరగా ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. ఎన్నికైన పాలకవర్గం లేని ఊళ్లకు కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. మోరీలు నిండడం, లైట్లు మాడిపోవడం మాత్రం ఆగలేదు. ఆ కాలమంతా ఊరిని మోసింది పంచాయతీ కార్యదర్శి, కారోబార్, సఫాయి కార్మికులు. మరోవైపు, చేయించిన పనుల బిల్లులు రాక అప్పుల పాలైన మాజీ సర్పంచులు ధర్నాలు చేశారు. కొత్తగా గెలిచినవాళ్లు ఆ పాత లెక్కలు చూసుకున్నాకే కొత్త ప్రణాళిక రాయాలి.

ఆ ప్రణాళిక పేరు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక. 2018 నుంచి ఏటా అక్టోబరు 2న దేశమంతటా దీని ప్రచారం మొదలవుతోంది. వచ్చే ఏప్రిల్ నుంచి ఏ పనికి ఎంత ఖర్చు పెట్టాలో గ్రామసభలో తేల్చి, ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎక్కించాలి. పదిహేనో ఆర్థిక సంఘం 2021–26కు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలంది. మిగతా 40 శాతమే ఊరి ఇష్టానికి వదిలింది. మహిళా సంఘాలు పేదరిక నిర్మూలన ప్రణాళికను విడిగా రాసి ఇందులో కలపాలి. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఈ ఏర్పాటుకు విలువ ఎక్కువ. గల్ఫ్‌కు పోయిన మగవాళ్లు ఇక్కడ చాలా మంది. నల్లా నీళ్లు, వీధి లైటు, పిల్లల బడి, పింఛను సంగతి అసలు తెలిసింది ఇంటి దగ్గరున్న ఆడవాళ్లకే. వాళ్ల మాట తీర్మానంలోకి ఎక్కాలి. గ్రామసభలో వెనక వరుసలో కూర్చోబెట్టి రిజిస్టరులో సంతకం తీసుకుంటే సరిపోదు.

కోరుట్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఊళ్లలో పంచాయతీ పక్కనే ఇంకో పెత్తనం ఉంది. అది గ్రామాభివృద్ధి కమిటీ, జనం నోట వీడీసీ. గుడి, రోడ్డు, సీసీ కెమెరాల కోసం వీడీసీలు పెద్ద మొత్తాలే పోగుచేస్తాయి. కొన్ని చోట్ల బెల్టు షాపులకు వేలం వేసి మరీ డబ్బు తెస్తాయి. మాట వినని కుటుంబాలకు జరిమానా వేశారని, కులాలకు కులాలనే వెలి వేశారని పోలీసు కేసులు కూడా నమోదయ్యాయి. పంచాయతీ చేతిలో డబ్బు లేనిచోట వీడీసీ మాట చెల్లుతుంది. కానీ దాన్ని ఎవరూ ఓటేసి ఎన్నుకోలేదు. దాని లెక్కలకు ప్రభుత్వ ఆడిట్ లేదు. దండుగ వేసే అధికారం చట్టం దానికి ఇవ్వలేదు. ఊరి మంచి కోసమే పోగుచేసిన డబ్బయినా గ్రామసభ ముందుకు రావాలి.

సొంత రాబడి మీద నిలబడ్డ ఊళ్లు తెలంగాణలో ఉన్నాయి. వరంగల్ దగ్గర గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లి 1994లో విడి పంచాయతీ అయింది. నీళ్లకొకటి, పారిశుధ్యానికొకటి, చదువుకొకటి అని కమిటీలు వేసుకుంది. అందరూ ఇంటి పన్ను కట్టే ఊరని పేరు తెచ్చుకుంది. బాలవికాస సంస్థ తోడ్పాటుతో శుద్ధ జలాల ప్లాంటు పెట్టుకుని, రుసుము వసూలు చేసి నడుపుకుంది. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం అందుకుంది. ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ మండలంలోని ముఖ్రా కె అయితే తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్చి అమ్మింది, ఆ డబ్బుతో సౌర విద్యుత్ ఏర్పాటు చేసుకుంది. ఈ రెండూ చిన్న ఊళ్లే. వీటికి కలిసొచ్చింది ఒక్కటే: నడిపే ఖర్చు ఎక్కడి నుంచి తేవాలో ముందే ఆలోచించుకున్నాయి.

రుద్రంగి లాంటి మండల కేంద్రానికి రాబడి దారులు తండా కంటే ఎక్కువే. ఇంటి పన్ను, నల్లా బిల్లు, దుకాణాల లైసెన్సు ఫీజు, అంగడి తైబజారు వేలం, ఇళ్ల అనుమతుల రుసుము ఉన్నాయి. కొత్త ఇల్లు కట్టినప్పుడు కొలతలు సరిగ్గా రాసుకుంటే పన్ను ఏటా పెరుగుతుంది. రోడ్డు పక్క మడిగెలకు లైసెన్సు ఉందో లేదో చూడడానికి పైసా ఖర్చు కాదు. ఇవన్నీ కలిపి ఏడాదికి ఎంత వస్తుంది, అందులో నీళ్లకూ చెత్తకూ లైట్లకూ ఎంత పోతుంది అన్న రెండు అంకెలను పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించవచ్చు. ఆ గోడ చూశాక పన్ను కట్టమని అడిగే కారోబార్ మాటకు బలం వస్తుంది.

ఇంకో పదేళ్లు ముందుకు చూస్తే సాగునీటి సంగతీ ఆలోచించాలి. ఇది మెట్ట ప్రాంతం. వరద కాలువ మీద, కథలాపూర్ మండలంలోని కలికోట సూరమ్మ చెరువు పథకం మీద ఇక్కడి రైతుల ఆశలు ఏళ్లుగా ఉన్నాయి. పెద్ద పథకాలు పంచాయతీ చేతిలో లేవు. కుంటల పూడిక తీయించడం, బోర్ల దగ్గర ఇంకుడు గుంతలు తవ్వించడం, లేఅవుట్ పేరుతో వాగు దారి పూడ్చకుండా ఆపడం పంచాయతీ చేతిలోనే ఉన్నాయి.

ఊరి ప్రణాళికలో ఏ పని ఎక్కింది, దేనికి ఎంత ఖర్చయింది అన్నది ఈ-గ్రామస్వరాజ్‌లో జిల్లా, మండలం, ఊరి పేరు ఎంచుకుంటే ఫోనులోనే చూడవచ్చు. మస్కట్‌లో ఉన్న కొడుకు అది చదివి ఇంటికి ఫోను చేస్తే, వచ్చే గ్రామసభలో తల్లి లేచి అడగవచ్చు: మా వాడ మోరీకి రాసిన పైసలు ఏమైనయి?