కథ చెప్పే పాట: సంఘానికి దానితో పనేమిటి?

తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు మళ్లితే, చదువు కోసం ఊళ్లు విడిచి వచ్చిన పిల్లలు ఎందరో కనిపిస్తారు. వారిలో కొందరు ఆదివారం మన ఆరాధనల్లో గిటారు వాయించేవారే. యువజన కూడికల్లో వారు అడిగే ప్రశ్న ఒకటి మా దాకా వచ్చింది. అసూయ, హత్య, పారిపోవడం ఉన్న అమెరికా కౌబాయ్ పాటను విశ్వాసి నేర్చుకోవచ్చా? వద్దని ఒక్క మాటతో తేల్చేయడం సులువే. కానీ ఆ పాట ఏమి చెబుతుందో విన్నాకే తీర్పు చెప్పడం న్యాయం.

ఆ పాట పేరు 'ఎల్ పాసో'. మార్టీ రాబిన్స్ రాసి పాడగా 1959లో వెలువడింది. నాలుగు నిమిషాలు దాటే ఈ పాట ఆనాటి రేడియోకు చాలా పొడవు. అయినా జనం విన్నారు. 1961లో దానికి గ్రామీ పురస్కారం వచ్చింది. ఒక కౌబాయ్ తన కథను తానే చెప్పుకుంటాడు. ఒక నర్తకిని ప్రేమిస్తాడు, అసూయతో ఒక యువకుణ్ణి కాల్చి చంపుతాడు, గుర్రాన్ని దొంగిలించి పారిపోతాడు. ఆమెను చూడకుండా ఉండలేక తిరిగి వచ్చి, తూటా తగిలి ఆమె చేతుల్లోనే ప్రాణం విడుస్తాడు. తాను చేసింది ఘోరమని అతడే ఒప్పుకుంటాడు. పాటలో ప్రసంగం లేదు. పాపం ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో మాత్రం వరుసగా కనిపిస్తుంది.

ఇలాంటి పాట మనకు పరాయిది కాదు. తంబుర పట్టిన కథకుడు, డక్కీలు వాయించే ఇద్దరు వంతలు కలిసి చెప్పే బుర్రకథను మన పెద్దలు రాత్రంతా కూర్చుని విన్నారు. పల్లె జనం నోట బతికిన ఇలాంటి పాటలను విశ్వవిద్యాలయ చదువులోకి తెచ్చిన పరిశోధన ఈ ఉస్మానియాలోనే జరిగింది. 1950లలో బిరుదురాజు రామరాజు గారు జానపద గేయ సాహిత్యంపై పరిశోధించి డాక్టరేటు పొందారు. తరువాత నాయని కృష్ణకుమారి గారు జానపద గేయగాథలపై పరిశోధన చేశారు.

ఆ గాథల్లో సర్వాయి పాపన్న కథ ఒకటి. కల్లుగీత కుటుంబంలో పుట్టి, మొగలుల అధికారాన్ని ఎదిరించి, 1710లో ప్రాణం పోగొట్టుకున్న మనిషి ఆయన. పారశీక చరిత్రకారుడు ఖాఫీఖాన్ ఆయనను దోపిడీదారుగా రాశాడు. పల్లె జనం వీరుడిగా పాడుకున్నారు. మనిషి ఒక్కడే. కథ ఎవరు చెబుతున్నారన్న దాన్నిబట్టి అతని ముఖం మారిపోయింది.

బైబిలు కూడా కథ చెప్పే పాటను తోసిపుచ్చలేదు. న్యాయాధిపతులు 5లో దెబోరా యుద్ధగాథ పాడుతూ, చివరికి శత్రు సేనాపతి సీసెరా తల్లిని కిటికీ దగ్గర నిలబెట్టి చూపిస్తుంది. సౌలు తనను ఏళ్ల తరబడి తరిమినా, అతని మరణంపై దావీదు కట్టిన విలాపగీతంలో ఒక్క నిష్ఠూరం కూడా లేదు. ఆ దావీదే తరువాత పాపంలో పడినప్పుడు నాతాను గద్దించడంతో మొదలుపెట్టలేదు, పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు. రాజు ముందు తీర్పు చెప్పాడు, ఆ తరువాతే ఆ మనిషి తానేనని తెలుసుకున్నాడు.

కాబట్టి మా జవాబు ఇది. పాటలో పాపం ఉందా అని మాత్రమే అడగవద్దు, ఆ పాపాన్ని అది ముద్దు చేస్తోందా, దాని ఫలితం దాకా మనల్ని నడిపిస్తోందా అని అడగండి. 'ఎల్ పాసో' నడిపిస్తుంది. అయితే అందులో క్షమాపణకు చోటు లేదు. కౌబాయ్ తిరిగి వచ్చింది ప్రియురాలి కోసమే గాని పశ్చాత్తాపంతో కాదు. తప్పిపోయిన కుమారుడూ తిరిగి వచ్చినవాడే, కానీ అతని కోసం ఒక తండ్రి ఎదురు పరుగెత్తాడు. ఆ తేడాను యువకులకు విడమరచి చెప్పవలసింది సంఘమే.

మాకు అసలు దిగులు వేరే ఉంది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి వద్ద ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య పుస్తకాల్లో నిలిచింది. కరవు కాలంలో, అంటరానితనం మధ్య ఆ అడుగు వేసినవారిలో ఎందరి కథలు ఈనాడు మన నోట ఉన్నాయి? సువార్త బుర్రకథలు కూడా మన ఉత్సవాల్లో అరుదైపోతున్నాయి. మన కథ మనం చెప్పకపోతే ఇతరులు చెప్పిందే మిగులుతుంది.

ప్రియ సంఘమా, గిటారు పట్టిన పిల్లలను కోప్పడకండి. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక వారిని ఒక అవ్వ పక్కన కూర్చోబెట్టండి. తమ ఇంటికి సువార్త ఎలా వచ్చిందో ఆమె చెబుతుంది. పిల్లలు దాన్ని పాటగా కట్టనివ్వండి.