చీజ్ కొనే ముందు మూడు ప్రశ్నలు

కొడైకెనాల్ వెళ్లి వచ్చేవారు చాక్లెట్లతో పాటు అక్కడి చీజ్ ముక్క కూడా తెస్తుంటారు. పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లో, పశ్చిమ బెంగాల్‌లోని కాలింపాంగ్‌లో కూడా చీజ్ చేస్తారు. బెంగళూరులో బెనెడిక్టిన్ సన్యాసులు మొజరెల్లా చేసి అమ్ముతారు. పెద్ద ఊళ్లలో ఇలాంటి చీజ్ అమ్మే ప్రత్యేక దుకాణాలూ ఉన్నాయి.

చీజ్ అంటే మన జున్ను కాదు. జున్ను ఈనిన పశువు తొలిపాలతో చేసేది. చీజ్‌కు పాలలో తోడు వేసి, రెన్నెట్ అనే ఎంజైమ్‌తో గడ్డకట్టించి, నీరు తీసి, ఉప్పు కలుపుతారు. గట్టి రకాలను నెలల తరబడి మాగబెడతారు. కిలో గట్టి చీజ్‌కు సుమారు 10 లీటర్ల పాలు పడతాయి. 30 గ్రాముల చెడ్డార్ చీజ్‌లో దాదాపు 200 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మంచి ఆహారమే. అయితే కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

1. ఏ పాలతో చేశారు?

గర్భిణులున్న ఇంట్లో ఇది ముఖ్యమైన ప్రశ్న. పాలను 72 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 సెకన్లు, లేదా 63 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేయడాన్ని పాశ్చరైజేషన్ అంటారు. పచ్చిపాలతో చేసిన మెత్తని చీజ్‌లో లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. ఇది ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది. తల్లికి కొద్దిపాటి జ్వరం, ఒళ్లునొప్పులు మాత్రమే రావచ్చు, కానీ కడుపులోని బిడ్డ చనిపోవచ్చు. 1985లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఒక రకం మెత్తని చీజ్ వల్ల 142 మందికి ఈ జబ్బు సోకింది. 48 మరణాలు సంభవించాయి. వాటిలో 30 గర్భస్థ శిశువులవి, అప్పుడే పుట్టిన పసికందులవి.

కనుక గర్భిణులు పాశ్చరైజ్ చేసిన పాలతో చేసిన గట్టి చీజ్ తినవచ్చు. పైన తెల్లని బూజు పట్టించే బ్రీ, కామంబేర్ వంటి మెత్తని రకాలను పచ్చిగా తినకూడదు. పొగలు వచ్చేంతగా ఉడికిస్తే లిస్టీరియా చనిపోతుంది. విడిగా కొన్న పనీర్‌నూ కూరలో బాగా ఉడికించే తినండి. చీజ్ తిన్న కొన్ని వారాల తర్వాత జ్వరం వచ్చినా ఆ సంగతి డాక్టరుగారికి చెప్పండి.

2. ఉప్పు ఎంత?

రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చీజ్‌లో ఉప్పు రుచికే కాదు, నిలవకు కూడా. బి.పి., గుండె, కిడ్నీ జబ్బులున్నవారు లేబుల్ మీద సోడియం చూడండి. చీజ్ తిన్న రోజు పచ్చడి, అప్పడం మానండి.

3. నేను ఏ మందులు వాడుతున్నాను?

ఇది దుకాణంలో అడిగేది కాదు, మీకు మీరే వేసుకోవలసిన ప్రశ్న. మాగిన చీజ్‌లో టైరమిన్ అనే పదార్థం ఉంటుంది. క్షయకు ఐసోనియాజిడ్ వాడేవారిలో కొందరికి అది తింటే ముఖం ఎర్రబడి, తలనొప్పి, గుండెదడ వస్తాయి. మొండి క్షయకు ఇచ్చే లినెజోలిడ్‌తో బి.పి. ఒక్కసారిగా పెరగవచ్చు. అలా జరిగితే మాత్రలు మానకండి, చీజ్ మానండి. వెంటనే ఆసుపత్రికి రండి. తాజా పనీర్‌లో టైరమిన్ చాలా తక్కువ కనుక ఆ భయం లేదు.

నిజాయితీగా చీజ్ చేసేవారు ఏ పాలు వాడారో, ఏ తేదీన చేశారో సంతోషంగా చెబుతారు. జవాబు రాని చోట గర్భిణికి, పసిపిల్లలకు, వృద్ధులకు కొనకండి.