డబ్బుండీ చితికిన దుకాణం

అప్పులపాలై కొట్టు కట్టేసిన వర్తకులను మనం ఎరుగుదుం. అన్నదమ్ముల తగాదాలలో తరతరాల దుకాణం మూతపడడమూ చూస్తూనే ఉంటాం. కాని పెట్టె నిండా డబ్బుండి, దేశమంతా పేరుండి, అధిపతి పట్టుకున్న ఒక సిద్ధాంతం వల్ల చితికిపోయిన వర్తకం కథ అరుదు. అమెరికాలోని మాంట్‌గొమెరీ వార్డ్ కంపెనీ కథ అటువంటిది.

1872లో చికాగో నగరంలో ఏరన్ మాంట్‌గొమెరీ వార్డ్ అనే ఆయన ఒకే ఒక్క కాగితం మీద సరుకుల జాబితా అచ్చువేయించి పల్లెటూళ్ల రైతులకు పంపాడు. కావలసిన వస్తువుకు ఉత్తరం రాస్తే రైలు మీద సరుకు వచ్చేది. ఆ కాగితమే పోను పోను లావుపాటి పుస్తకమైంది. 1926 నుంచి కంపెనీవారు ఊళ్లలో దుకాణాలు కూడా తెరవసాగారు. కొద్ది ఏళ్లలోనే అవి అయిదు వందలు దాటాయి. అంతలో 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం మీద పడింది. 1931లో కంపెనీకి 80 లక్షల డాలర్లకు పైగా నష్టం!

ఆ సంవత్సరమే స్యూయల్ ఏవరీని పిలిచి పగ్గాలు అప్పగించారు. ఆయన 1905 నుంచి ఒక పెద్ద జిప్సం కంపెనీని సమర్థంగా నడుపుతున్న మనిషి. దండుగ దుకాణాలు మూశాడు, సరుకు మెరుగుపరిచాడు, చురుకైనవాళ్లను చేర్చుకున్నాడు. రెండు మూడేళ్లకే కంపెనీ లాభాల్లో పడింది. ఇంతవరకూ ఆయన చేసినదంతా మెచ్చుకోదగినదే.

చిక్కల్లా తరవాత వచ్చింది. వర్తకంలో ప్రభుత్వం వేలు పెట్టరాదని ఆయన గట్టి నమ్మకం. 1944లో యుద్ధం మధ్యలో, కార్మిక సంఘంతో ఒప్పందం పొడిగించమని ప్రభుత్వం ఆదేశిస్తే ససేమిరా అన్నాడు. అధ్యక్షుడు రూజ్వెల్టు కంపెనీని స్వాధీనం చేసుకోమన్నాడు. ఏప్రిల్ 27న ఇద్దరు సైనికులు 69 ఏళ్ల ఏవరీని ఆఫీసులోనుంచి ఎత్తుకుని వీధిలోకి తెచ్చారు. ఆ ఫొటో దేశమంతటా పత్రికల్లో పడింది. అప్పుడాయన అటార్నీ జనరల్ ఫ్రాన్సిస్ బిడిల్‌ను తిట్టిన తిట్టు “న్యూ డీలర్” అని! న్యూ డీల్ అంటే రూజ్వెల్టు ఆర్థిక కార్యక్రమం. అంతకు మించిన తిట్టు ఆయనకు తోచలేదు కాబోలు.

దీనివల్ల పరువు పోయిందేమోగాని వర్తకం పోలేదు. దాన్ని దెబ్బతీసింది ఆయన రెండో నమ్మకం. ప్రతి మహాయుద్ధం తరవాతా మాంద్యం వచ్చి తీరుతుందని, పాత యుద్ధాల లెక్కలన్నీ చూపి వాదించేవాడు. అందుచేత కొత్త దుకాణం ఒక్కటీ తెరవనీయలేదు. డబ్బు కూడబెట్టాడు. తెనాలి రామలింగడి పిల్లి ఒకసారి నోరు కాలాక పాలు కనబడితేనే పారిపోయింది. ఏవరీకి 1929 అటువంటి వేడిపాలు.

మరి బయట జరుగుతున్నదేమిటి? యుద్ధం నుంచి తిరిగివచ్చిన యువకులు పెళ్లిళ్లు చేసుకున్నారు. నగర శివార్లలో ఇళ్లు లేచాయి. రిఫ్రిజిరేటర్లకూ, కుర్చీలకూ, పిల్లల బట్టలకూ గిరాకీ పెరిగింది. పోటీ కంపెనీ సియర్స్‌కు అధిపతి రాబర్ట్ వుడ్. ఈయన ఒకప్పుడు వార్డ్ కంపెనీలోనే పనిచేసి ఉద్వాసన పొందినవాడు. జనాభా లెక్కల పుస్తకాలు చదవడం ఆయనకు సరదా. శివార్లలో, కార్లు నిలుపుకోవడానికి చోటున్న పెద్ద దుకాణాలు తెరిచాడు. 1950ల నడుమకు వచ్చేసరికి సియర్స్ అమ్మకాలు వార్డ్ అమ్మకాలకు సుమారు మూడింతలు!

ఒక విశేషం గమనించాలి. వుడ్ కూడా రూజ్వెల్టు విధానాలతో విభేదించినవాడే. 1940లో అమెరికా యుద్ధంలో దిగరాదన్న సంఘానికి అధ్యక్షత వహించాడు. అయితే దుకాణం ఎక్కడ తెరవాలన్నది మాత్రం రాజకీయాలను అడగలేదు, జనం ఎక్కడ కాపురం పెడుతున్నారో చూశాడు.

ఏవరీకి ఎదురుచెప్పిన ఉపాధ్యక్షులు ఒకరొకరే వెళ్లిపోయారు. నిలవ సొమ్ము 30 కోట్ల డాలర్లకు చేరింది. అది దుకాణం కాదు, ముందు అంగడి తగిలించిన బ్యాంకు అని జనం నవ్వుకున్నారు. 1955లో వాటాదారుల తిరుగుబాటు తరవాత ఆయన తప్పుకున్నాడు గాని పోయిన కాలం తిరిగి రాలేదు. చేతులు మారుతూ వచ్చిన కంపెనీ 1997లో దివాలా తీసింది. 2000 డిసెంబరులో మూత ప్రకటించింది.

గెలిచిన సియర్స్ గతి? 2005లో కేమార్ట్‌తో కలిసి ఎడ్వర్డ్ లాంపర్ట్ చేతికి వచ్చింది. పోటీయే సర్వరోగ నివారిణి అని నమ్మి, 2008లో ఆయన కంపెనీని ముప్ఫైకి పైగా విభాగాలుగా చీల్చి, ఎవరి లాభం వారిదన్నాడు. ఒకే కప్పు కింద వేరుకాపురాలన్నమాట! ఇంటర్నెట్ అంగళ్ల పోటీ, అప్పుల బరువు కూడా తోడై, 2018 అక్టోబరులో అదీ దివాలా తీసింది.

నమ్మకం లేకుండా వర్తకమూ సాగదు, సంసారమూ సాగదు. ఏవరీ జాగ్రత్త 1931లో కంపెనీని బతికించింది. 1946లో అదే జాగ్రత్త దాని ఊపిరి బిగబట్టింది. ఈ నడుమ మారింది కాలం. అది మారిందని చెప్పగలవాళ్లను ఆయన దగ్గర ఉండనీయలేదు. పెద్ద కంపెనీకైనా, వీధి చివరి కిరాణా కొట్టుకైనా, చివరకు మన ఇంటికైనా, “అయ్యా, రోజులు మారాయి” అని జంకు లేకుండా చెప్పే మనిషి ఒకరుండాలి. ఆ మాట వినే ఓపిక పెద్దలకుండాలి.