పూల్ తెరిస్తే బాధ్యత ఎవరిది? అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు తెలుసుకోవాల్సిన సంగతి

కరోనా లాంటి టైమ్‌లో అపార్ట్‌మెంట్ వాళ్లు మూసేసిన స్విమ్మింగ్ పూల్ మళ్లీ తెరిచారు. ఎవరికో ఏదో అయింది. కేసు ఎవరి మీద పడుతుంది? ఈ రోజు అదే చూద్దాం.

"మా జగ్గయ్యపేటలో, నందిగామలో పూల్ ఉన్న అపార్ట్‌మెంట్లు ఎన్నున్నాయండీ?" అంటారేమో. మనవాళ్లు ఎంతోమంది హైవే ఎక్కి వెళ్లి హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లో ఉంటున్నారు కదా! పైగా ఇదే లాజిక్ మీ బిల్డింగ్ లిఫ్ట్‌కీ, జిమ్‌కీ వర్తిస్తుంది. జీతం లేని సెక్రటరీ పోస్టులో మీ నాన్నగారే ఉంటే, ఇది మీ ఇంటి సంగతే.

ముందు తేదీలు చూద్దాం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. అక్టోబర్ 15 నుంచి క్రీడాకారుల శిక్షణకు మాత్రమే పూల్స్‌కి కేంద్రం అనుమతి ఇచ్చింది. అందరికీ అంటే 2021 ఫిబ్రవరి 1 నుంచే. ఈలోపు "మన పూల్, మన ఇష్టం" అని కమిటీ తెరిస్తే? విపత్తు నిర్వహణ చట్టం 2005, సెక్షన్ 51 ప్రకారం ఏడాది వరకు జైలు. దానివల్ల ప్రాణం పోతే రెండేళ్ల వరకు.

సరే, పర్మిషన్ వచ్చింది. ఇక టెన్షన్ లేదా? ఉంది. తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకున్నారా అన్నది వేరే ప్రశ్న. నష్టపరిహారం దావా అసోసియేషన్ మీద వేస్తారు, ఆ డబ్బు చివరికి అందరి మెయింటెనెన్స్‌లోంచే పోతుంది. క్రిమినల్ కేసు మాత్రం నిర్లక్ష్యం చేసిన మనిషి మీద. నిర్లక్ష్యం వల్ల మరణిస్తే ఇప్పటి బీఎన్ఎస్ సెక్షన్ 106, రోగం వ్యాపింపజేసే నిర్లక్ష్యానికి సెక్షన్ 271.

ఇక్కడో మెలిక ఉంది. వైరస్ పూల్ దగ్గరే అంటిందని రుజువు చేయడం చాలా కష్టం. బజార్లోనో బస్సులోనో అంటి ఉండొచ్చు కదా! కానీ లైఫ్‌గార్డ్ లేక పిల్లాడు మునిగిపోతే, తడి వైరు షాక్ కొడితే, రుజువు కళ్లముందే ఉంటుంది. నెలల తరబడి మూసిన పూల్‌లో అసలు ప్రమాదం ఇదే.

2020 మే 7, విశాఖ గుర్తుందా? లాక్‌డౌన్‌లో ఆగిన ఎల్‌జీ పాలిమర్స్ మళ్లీ మొదలయ్యే సమయంలో స్టైరీన్ లీకై 12 మంది చనిపోయారు. మర్నాడే ఎన్‌జీటీ 50 కోట్లు డిపాజిట్ చేయమంది. ప్రమాదకర పరిశ్రమలకు చట్టం ఇంకా కఠినం, పూల్‌కి అంత ఉండదు. పాఠం మాత్రం ఒకటే: మూసినదాన్ని తెరిచే రోజే ఎక్కువ జాగ్రత్త.

"మీ రిస్క్ మీదే" అని సంతకం పెట్టించుకుంటే చాలదా? చాలదు. ఆ కాగితం క్రిమినల్ కేసుని ఆపదు. మైనర్ పెట్టిన సంతకానికి కాంట్రాక్టుగా విలువే లేదు.

మరేం చేయాలి? తెరవాలన్న నిర్ణయం మీటింగ్ మినిట్స్‌లో రాయండి. నీళ్లలో క్లోరిన్ కనీసం 1 పీపీఎం ఉందా అని రోజూ చూసి రిజిస్టర్‌లో ఎక్కించండి. వైరింగ్ చెక్ చేయించండి. లైఫ్‌గార్డ్‌ని పెట్టండి, బ్యాచ్‌లు చిన్నవిగా ఉంచండి. ఇన్సూరెన్స్ పాలసీలో అంటువ్యాధులను మినహాయించారేమో చదవండి. రేపు కోర్టులో మీ తరఫున మాట్లాడేది ఆ రిజిస్టరే.

మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఈ వీడియో షేర్ చేయండి. డౌట్స్ ఉంటే కామెంట్ పెట్టండి. ఉంటాను మరి!