టెంటులో మొక్క ఎత్తు ఎందుకు పెరుగుతుంది, ఎలా ఆపాలి

అమెరికా, కెనడాల్లో చలి ఎక్కువగా ఉండే ఊళ్లలో తెలుగువాళ్ల బేస్‌మెంట్లలోకి తొంగిచూస్తే, ఓ మూల నల్లటి గుడ్డ టెంటు, లోపల ఎల్‌ఈడీ దీపం, దాని కింద కరివేపాకు, మిరప, గోంగూర కుండీలు కనబడటం ఇప్పుడు వింతేమీ కాదు. తాజా కరివేపాకును లగేజీలో తెచ్చుకోవడానికి అమెరికా నిబంధనలు ఒప్పుకోవు. నిమ్మజాతి చెట్లకు ప్రాణాంతకమైన తెగులును మోసుకొచ్చే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే ఇంట్లోనే పెంచుకోవాలన్న తపన.

ఈ టెంట్లను ఎక్కువగా వాడింది గంజాయి పెంచేవాళ్లు. కెనడాలో 2018లో వచ్చిన ఫెడరల్ చట్టం పెద్దవాళ్లకు ఇంటికి నాలుగు మొక్కల దాకా అనుమతిచ్చింది. మన దేశంలో మాత్రం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద అనుమతి లేని గంజాయి సాగు నేరం. అయితే మొక్క ఏదైనా టెంటులో ఎదురయ్యే పెద్ద చిక్కు ఒకటే. నెత్తి మీద కప్పు ఉంటుంది, మొక్కకు ఆ సంగతి తెలియదు.

ముందు ఒక లెక్క వేసుకోవాలి. ఐదడుగుల టెంటు కొన్నామంటే ఐదడుగుల మొక్క పెంచవచ్చని కాదు. కుండీకి ఒక అడుగు, దీపానికీ దాన్ని వేలాడదీసే తాళ్లకూ ముప్పావు అడుగు, ఆకులు మాడకుండా దీపానికీ కొనకీ మధ్య అడుగున్నర ఖాళీ. ఇవన్నీ తీసేస్తే మొక్కకు మిగిలేది రెండడుగుల లోపే. పొలంలో వదిలేస్తే మనిషిని మించి పెరిగే గోంగూరను ఆ రెండడుగుల్లో ఉంచాలంటే, అది ఎందుకు సాగుతుందో తెలియాలి.

మొక్క సాగేది వెలుగు కోసం. ఆకులు ఎర్రటి కాంతిని బాగా పీల్చుకుంటాయి. ఆ ఎరుపుకు అవతల, మన కంటికి సరిగా ఆనని కాంతిని మాత్రం చాలావరకు వదిలేస్తాయి. ఈ రెండింటి పాళ్లను కొలిచే పదార్థం మొక్కలో ఉంది, పేరు ఫైటోక్రోమ్. దాని పనితీరుకు తొలి ఆధారాలు 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో లెట్యూస్ విత్తనాల మీద చేసిన ప్రయోగాల్లో దొరికాయి. చుట్టూ వేరే ఆకులు కమ్ముకుంటే ఎరుపు తగ్గి, అవతలి కాంతి పాలు పెరుగుతుంది. పక్కన పోటీదారు ఉన్నాడని మొక్క గ్రహిస్తుంది. ఆకులు వేయడం తగ్గించి కాండాన్ని సాగదీస్తుంది. నీడ ఇంకా తన మీద పడకపోయినా, పక్క మొక్క మీంచి చెదిరి వచ్చిన కాంతి తగిలితే చాలు, ఈ పరుగు మొదలవుతుంది.

కాబట్టి టెంటులో కుండీలు కిక్కిరిస్తే అన్నీ పోటీపడి పొడుగవుతాయి. ఆరు కుండీలు పట్టే చోట నాలుగే పెట్టడం ఎత్తును అదుపు చేసే మొదటి పని. రెండోది దీపం ఎంపిక. పాతకాలపు ఫిలమెంటు బల్బులో ఆ అవతలి కాంతి మెండు, నీలి కాంతి తక్కువ. దాని కింద నారు సన్నగా, పాలిపోయి, పక్కకు వాలిపోతుంది. తెల్లటి ఎల్‌ఈడీలో నీలి కాంతి ఉంటుంది, అది కాండాన్ని పొట్టిగా ఉంచుతుంది. దీపాన్ని పైకప్పుకు బిగించి వదిలేయకండి. మొక్క చిన్నగా ఉన్నప్పుడు కిందికి దించి, పెరిగేకొద్దీ పైకి జరపండి. టమాటా నారు అప్పటికే సాగిపోయి ఉంటే, నాటేటప్పుడు కాండాన్ని లోతుగా పూడ్చండి. మట్టిలో మునిగిన భాగం వేళ్లు వేస్తుంది.

ఎక్కువమంది పట్టించుకోనిది వేడి. పగటి వేడికీ రాత్రి వేడికీ తేడా ఎంత పెరిగితే చాలా మొక్కల్లో కాండం అంత సాగుతుంది. 1980లలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో లిల్లీ వంటి పూలమొక్కల మీద ఈ సంగతి రుజువు చేశారు. దీపాలు వెలిగినంతసేపూ టెంటు వేడెక్కి, ఆర్పగానే బేస్‌మెంటు చలి కమ్ముకుంటే, సాగడానికి అంతకన్నా అనువైన వాతావరణం ఉండదు. దీపాలు వెలిగే వేళ వేడిగాలిని బయటికి లాగే ఫ్యాను పెట్టండి. చిన్న ఫ్యాను ఇంకొకటి ఆకులు కాస్త కదిలేలా తిరుగుతూ ఉండాలి. గాలికి ఊగే కాండం పొట్టిగా, దిట్టంగా తయారవుతుంది.

కత్తెర సంగతి ఇప్పుడు చెప్పుకోవాలి. చాలా ఇళ్లలో కరివేపాకు మొక్క ఒకే తీరులో పాడవుతుంది. పోపుకు కావలసినప్పుడల్లా కింది రెబ్బలు దూసుకుంటారు. ఏడాది తిరిగేసరికి బోడి కర్ర, దాని కొసన గుప్పెడు ఆకులు మిగులుతాయి. తుంచాల్సింది కొననే. కొనలో తయారై కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోను పక్క మొగ్గల్ని నిద్రపుచ్చుతుంది. పైగా ఎదిగే కొన చక్కెరనంతా తనవైపే లాక్కుంటుందని 2014లో బఠాణీ మొక్కల మీద జరిగిన పరిశోధన తేల్చింది. కొన తెంచితే ఆ ఆహారం పక్క మొగ్గలకు అందుతుంది. కాండం ఇంకా పచ్చగా, జానెడు పైన ఉన్నప్పుడు, ఆకు మొదలున్న కణుపుకు కాస్త పైన కత్తిరించండి. కొద్ది రోజుల్లో ఆ కణుపుల దగ్గర ఆవగింజంత పచ్చటి చుక్కలు తేలతాయి. అవే కొత్త కొమ్మలు. గోంగూరకైతే కొన తుంచడమే కోత, కూరకు కూర, పొదకు పొద. మిరప కాండం పెళుసు. దాన్ని వంచి మెత్తటి గుడ్డపేలికతో కుండీ అంచుకు కట్టాలనుకుంటే, లేతగా ఉన్నప్పుడే, కొద్దికొద్దిగా రెండు మూడు రోజుల్లో వంచండి.

ఇక మందులు. మన మామిడి తోటల్లో పూత కోసం చెట్టు మొదట్లో పోసే ప్యాక్లోబ్యుట్రజాల్ కూడా ఎత్తును అణిచేదే. కాండాన్ని సాగదీసే జిబ్బరెల్లిన్ తయారు కాకుండా అది అడ్డుకుంటుంది, మట్టిలో చాలాకాలం నిలుస్తుంది. అలాంటిదే ఇంకో మందు డామినొజైడ్‌ను అమెరికాలో ఆపిల్ తోటల్లో వాడేవారు. ఆరోగ్యానికి ముప్పన్న ఆందోళన రేగడంతో 1989లో ఆహార పంటలకు అమ్మడం మానేశారు. దీపం, ఎడం, గాలి, కత్తెర చేతిలో ఉండగా వీటి అవసరం లేదు. మీ పిల్లల పప్పులో పడే ఆకు మీద దయచేసి ఇలాంటి మందులు వాడకండి.