చీటీలు నేర్పిన పాఠం



మేమిద్దరం దంపతులం. దూరవిద్యలో బి.ఏ. చదివేవారికి కొన్నేళ్లు అర్థశాస్త్రం చెప్పాం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మా తిరుగుడు ఊళ్లు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయేవరకు ఈ మూడూ వరంగల్ జిల్లాలోనివే. ఆదివారం ఆరాధన ముగించుకొని, సద్ది కట్టుకొని బస్సెక్కేవాళ్లం. పత్తి ఏరి వచ్చిన చెల్లెళ్లు, సింగరేణి గనిలో రాత్రి షిఫ్టు దిగి వచ్చిన తమ్ముళ్లు మా ముందు కూర్చునేవారు.

మొదటి ఏడు చివర అందరికీ తెల్ల చీటీలు ఇచ్చి, "పేరు రాయవద్దు, మా పాఠం గూర్చి మీకు తోచింది రాయండి" అన్నాం. మెప్పు వస్తుందనే మా ఆశ. జనగామలో వచ్చిన ఒక చీటీ ఇది: "సార్, మేడమ్, మీరు చెప్పేది పరీక్షకు పనికొస్తది. మా ఇంటికి పనికిరాదు." మరొకటి: "క్షీణోపాంత ప్రయోజనం అంటే తల ఊపినం గాని అర్థం కాలేదు."

తిరుగు బస్సులో మేము మాట్లాడుకోలేదు. ఇల్లు చేరాక ఒకరం కోపపడితే, ఇంకొకరం, "వాళ్లు అబద్ధం రాయలేదు కదా" అన్నాం. ఆ మాటతో కోపం చల్లారింది.

మరుసటి ఏడు పాఠం మార్చాం. మిర్చికి పేరుపడిన మహబూబాబాద్‌లో డిమాండ్ వ్యాకోచత్వాన్ని మిరపకాయతోనే మొదలుపెట్టాం. పంట విరగపండిన ఏడే రైతు చేతికి డబ్బు ఎందుకు తగ్గుతుంది? కారం చవకైందని ఎవరూ కూరలో రెండింతలు వేసుకోరు. సరుకు పెరిగి, వాడకం పెరగకపోతే ధర కూలుతుంది. వెనుక బెంచీవారు కూడా ఆ రోజు రాసుకున్నారు.

వడ్డీ పాఠం నాడు ఒక అబ్బాయి లేచి, "మా నాయిన సేటు దగ్గర డెబ్బయి వేలు తెచ్చిండు. బ్యాంకుల ఏడు, సేటు దగ్గర మూడే. సేటే నయం కద సార్?" అన్నాడు. తరగతిలో చాలామంది తలలూపారు. మేము బోర్డు మీద లెక్క వేశాం. నూటికి మూడు రూపాయలంటే నెలకు. డెబ్బయి వేలకు నెలకు 2,100, ఏడాదికి 25,200 రూపాయలు. అంటే నూటికి 36! బ్యాంకు పంట రుణానికి ఏడు శాతం ఏడాది మొత్తానికి. డెబ్బయి వేలకు 4,900 రూపాయలే. గడువులోపు కడితే రాయితీ పోను నాలుగు శాతమే, 2,800 రూపాయలు.

ఆ అబ్బాయి బోర్డు వైపే చూస్తూ నిలబడిపోయాడు. "నాలుగేండ్ల సంది కడుతున్నం సార్" అన్నాడు మెల్లగా. ఆ వానాకాలం తండ్రిని పట్టాదారు పాసుపుస్తకంతో బ్యాంకుకు తీసుకొనిపోయాడు. పెట్టుబడి అక్కడ దొరికింది. పంట డబ్బుతో సేటు బాకీ రెండేళ్లలో తీరింది.

అయితే ఆ ఏటి చీటీలలో ఇంకొకటి ఉంది: "మాది కౌలు భూమి. పాసుబుక్కు లేదు. మాకు ఏం చెప్తరు?" దానికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. అమ్మ మహిళా పొదుపు సంఘంలో ఉంటే ఆ అప్పు మేలని మాత్రం చెప్పగలిగాం. భూపాలపల్లి చీటీ ఒకటి, "బొగ్గు ఒడిసినంక మా ఊరు ఏం తింటది?" అని అడిగింది. ఈ రెండు చీటీలు ఇప్పటికీ మా బీరువాలో ఉన్నాయి.

భూపాలపల్లి జిల్లా పేరులో ఉన్న ఆచార్య జయశంకర్ (1934-2011) కూడా అర్థశాస్త్ర ఆచార్యులే. 1991 నుండి 1994 వరకు కాకతీయ విశ్వవిద్యాలయ ఉపకులపతి. నీళ్ల లెక్క, నిధుల లెక్క సామాన్యునికి తెలిసే మాటల్లో చెప్పేవారు. పాఠం అలా చెప్పాలని మాకు నేర్పింది మాత్రం పేరు లేని ఆ చీటీలే.

తల్లిదండ్రులారా, ఈ రాత్రి భోజనాలయ్యాక మీ చదువుకున్న బిడ్డను పిలిచి, మన అప్పుకు ఏడాది వడ్డీ ఎంతో కాగితం మీద లెక్క కట్టించండి. సిగ్గుపడకండి. బిడ్డ చదువు ముందుగా వెలుగివ్వవలసింది ఇంటికే కదా!